ఎర్రావు గరిష్ఠం

ఆ ఏడు మా బోరు ఎండిపోయింది. పలమనేరు దగ్గరి మా ఊళ్లో అందరిదీ అదే గతి. ఉన్న మేత ఒక్క ఆవుకే చాలుతుంది. మాకేమో రెండు, ఎర్రావు, నల్లావు. రెండూ ఈని నెలన్నర. ఒకదాన్ని సంతకు తోలక తప్పదు. ఉంచుకున్నదాని పాలతోనే మేం నలుగురం బతకాలి.

నేనప్పుడు తిరుపతిలో ఎమ్మెస్సీ లెక్కలు చదువుతున్నాను. ఈనిన ఆవు పాలు కొన్ని వారాలు పెరిగి, గరిష్ఠానికి చేరి, ఆపైన తగ్గుతూ పోతాయి. దానికో సూత్రముంది. అవకలనం చేసి సున్నాతో సమానం చేస్తే గరిష్ఠం ఏ వారమో తేలిపోతుంది. ఇన్నాళ్లకు నా చదువు ఇంటికి పనికొచ్చిందని బస్సెక్కాను. ఆ మిడిసిపాటు తలచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

పాలకేంద్రంలో ఎర్రావు పాలు అమ్మ పేర, నల్లావు పాలు నాయన పేర పోసేవాళ్లం. అందుకే చీటీలు వేరువేరుగా దొరికాయి. లీటర్లన్నీ సూత్రంలో వేశాను. నల్లావు గరిష్ఠం ఇంకా రావాల్సి ఉంది. ఎర్రావుది నాలుగో వారంలోనే వచ్చి పోయింది. అది మంచి ఆవని అమ్మ గొణిగితే, కాగితం చూపించి నోరు మూయించాను. మర్నాడు నాయన దూడతో సహా తోలుకుపోయి అమ్మేసి వచ్చాడు.

సాయంత్రం నల్లావు పాలు పితుకుతూ అమ్మ తనలో తాను అనుకుంది.

"ఎర్రావు దూడకు ఆడ రెండు చన్నులు ఇడిసిపెడతారో లేదో."

ఎప్పటినుంచి అలా వదులుతున్నావని అడిగాను.

"నెలయినకాడ్నించి. కడుపు పారుడు పట్టి లెయ్యలేక ఉండె గదా."

దూడ తాగినవి ఏ చీటీలోనూ లేవు. రెండు చన్నులంటే సగం పాలు. వాటిని కలిపి మళ్లీ లెక్క కట్టాను. ఎర్రావు పాలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి, నల్లావును దాటి. కొన్న దళారికి పదిసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎర్రావును ఎక్కించిన లారీ ఎప్పుడో తమిళనాడు సరిహద్దు దాటి ఉంటుంది. గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

నాయన నా చేతిలో కాగితం చూసి దగ్గరికి వచ్చాడు.

"లెక్కేమన్నా తప్పిందామ్మా?"

"లేదు నాయనా" అన్నాను. లెక్క నిజంగానే తప్పలేదు.

"సదువుకున్నదానివి, నువ్వు సెప్పినాక నాకేం దిగులు" అని ఆయన మంచం వాల్చుకున్నాడు. అమ్మ పాలచెంబు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆమె వైపు చూడలేకపోయాను.