గుమ్మడికాయ మీద భూమధ్యరేఖ

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు కాస్త కిందికి దిగింది, వయసొచ్చింది కదా.

డెబ్భైల మొదట్లో నేను బెజవాడలో బీఎడ్ చదివాను. చివర్లో ఒక ఆడపిల్లల బడికి వెళ్లి, పరీక్షాధికారి ఎదుట ఒక పాఠం చెప్పాలి. అది తప్పితే ఏడాదంతా బూడిదలో పోసిన పన్నీరే. పైగా వన్ టౌన్లో మా నాన్న, ఈసారి పాసవకపోతే పెళ్లి చేసేస్తానని తన దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చెప్పి పెట్టుకున్నాడు. నాకు పడ్డ పాఠం వాయుపీడన మేఖలలు, పవనాలు.

పాఠానికి బోధనోపకరణం ఒకటి ఉండాలి, దానికి విడిగా మార్కులు. బడిలో ఉన్న గ్లోబు ఇరుసు ఊడి, ఎటు తోస్తే అటు దొర్లేది. అందుకని అమ్మ వడియాలకని తెచ్చుకున్న బూడిద గుమ్మడికాయ మీద నా కన్ను పడింది.

"తీసుకెళ్లు గానీ చెక్కు చెదరకుండా తీసుకురా. ఎదురింటి బాబాయిగారిచేత కొట్టించాలి. ఆడవాళ్లు గుమ్మడికాయ కొట్టకూడదు," అంది అమ్మ.

కాయ మీది బూడిదంతా తుడిచాను. రంగులు కొనే ఓపిక లేక వంటింట్లో దొరికినవే వాడాను. బాగా కాగే భూమధ్యరేఖకి కుంకుమ, అటూ ఇటూ ముప్ఫై డిగ్రీల దగ్గర గాలి దిగే చోట పసుపు, ధ్రువాలకి సున్నం. ఎండాకాలంలో అల్పపీడనం ఉత్తరానికి జరుగుతుందని చూపించడానికి కుంకుమ చుక్కలతో ఇంకో గీత కూడా పెట్టాను. అందంగా కుదిరిందని రెండుసార్లు అద్దంలో కూడా చూసుకున్నాను, కాయని.

మర్నాడు పొద్దున్నే బడికెళ్లి కాయని స్టాఫ్ రూం బల్ల మీద పెట్టి, సుద్దముక్కల కోసం వెళ్లాను. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ. గేటు దగ్గర్నించి ఢాం అని వినిపించింది.

బడి అటెండరు యాభై దాటిన మనిషి, బందరు వైపు చేపలు పట్టే కుటుంబం. గేటు ముందు చేతులు దులుపుకుంటూ నిలబడి ఉన్నాడు. నా భూగోళం నాలుగు చెక్కలై కాళ్ల దగ్గర పడి ఉంది.

"మీ కోసమేనండి. పెద్దాఫీసరుగారు వస్తన్నారు గందా, దిష్టి తగలకుండా మీ పేరు చెప్పి మూడుసార్లు తిప్పి కొట్టానండి," అన్నాడు.

పసుపూ కుంకుమా పూసిన గుమ్మడికాయని చూసి కృష్ణా జిల్లాలో ఇంకెవరైనా ఇంకేమనుకుంటారు? ఆ మాత్రం ఆలోచన నాకు అప్పుడు రాలేదు. "బుద్ధుందా నీకు?" అని ఆడపిల్లలందరి ముందూ అరిచాను. ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు.

పరీక్షాధికారి వచ్చి, పడమటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నారు. మార్చి ఎండకి పైన రేకులు అప్పుడే కాగుతున్నాయి. ఉపకరణం లేదు. ఎదురుగా నలభై మంది పిల్లలున్నారు. సరే, వీళ్లే గాలి అనుకున్నాను.

నల్లబల్ల దక్షిణం, వెనక గోడ ఉత్తరం, మధ్య వరస భూమధ్యరేఖ అని నేల మీద సుద్దతో గీత గీశాను. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుందని మధ్య వరసని లేపాను. వాళ్లు గోడల వెంట సగం వెనక్కీ సగం ముందుకీ వెళ్లి, అక్కడ చల్లబడి కూర్చున్నారు. దిగే గాలి వాననివ్వదు, పెద్ద ఎడారులన్నీ ఆ వరసలోనే ఉంటాయని చెబితే వెనక బెంచీ వాళ్లు చాలా గర్వపడ్డారు.

ఇప్పుడు మధ్యలో పీడనం తక్కువ, చివర్లలో ఎక్కువ. కనక రెండు వైపుల వాళ్లూ మధ్యకి రావాలి. కానీ భూమి తిరుగుతోంది కదా, అందుకని ఉత్తరం వాళ్లు తమ కుడికి, దక్షిణం వాళ్లు తమ ఎడమకి ఒరుగుతూ నడవాలన్నాను. వాళ్ల కుడీ, వీళ్ల ఎడమా రెండూ పడమరే అవుతాయి. ఆ సంగతి నాకు పాఠంలో తెలుసు, గదిలో తెలియలేదు. ఈశాన్య పవనాలూ ఆగ్నేయ పవనాలూ కలిసికట్టుగా వెళ్లి పరీక్షాధికారిగారి కుర్చీ మీద పడ్డాయి.

ఆయన కళ్లజోడు సర్దుకుని తాపీగా అడిగారు. "ఈ లెక్కన మనకి ఏడాది పొడుగునా ఈశాన్యం గాలే కొట్టాలి. మరి జూన్లో వాన తెచ్చేది నైరుతి గాలి కదమ్మా?"

జవాబు గుమ్మడికాయ మీద కుంకుమ చుక్కల్లో ఉంది. నాకు మాత్రం పెళ్లిచూపుల్లో పెట్టే మిఠాయిలు కళ్ల ముందు కనిపించాయి.

అప్పుడే ఆయనకి మంచినీళ్లు తెచ్చిన అటెండరు గుమ్మంలోంచే అన్నాడు. "అయ్యగారండీ, ఎండాకాలం నేల కాగినట్టు సముద్రం కాగదు గదండి. పొయ్యి ఎటు జరిగితే గాలి అటే పరిగెత్తుద్ది. మా రేవులో వలేసేవోళ్లందరికీ తెలుసండి."

పొయ్యి జరగాలి, అంతే. మధ్య వరసని రెండు బెంచీలు వెనక్కి జరిపించాను. దక్షిణం పిల్లలు ఎడమకి ఒరుగుతూ వచ్చి, సుద్దగీత దాటగానే కుడికి తిరిగారు. నైరుతి నుంచి నేరుగా ఈశాన్యం మూలకి చేరారు. అన్ని చోట్లలాగే మా తరగతి గదిలో కూడా మంచినీళ్ల కుండ ఈశాన్యంలోనే ఉంది. ఒక గడుసుపిల్ల గ్లాసు ముంచి అందరి మీదా వాన కురిపించింది.

పరీక్షాధికారి నవ్వారు. తర్వాత కాగితం చూసి, "ఉపకరణం ఏదమ్మా?" అన్నారు.

"గేటు దగ్గరుందండి," అన్నాను.

వెళ్లేటప్పుడు ఆయన వంగి రెండు చెక్కలు తీసి అతికించి చూశారు. కుంకుమ గీతలు రెండూ కలిశాయి. అక్కడే మార్కు వేశారు. పాసయ్యాను.

అటెండరుకి అప్పుడే సంగతి అర్థమై ముఖం పాలిపోయింది. నాకు సిగ్గేసింది. నా మంచి కోరి కొట్టిన మనిషిని నలుగురిలో తిట్టాను, ఆయన అది మనసులో పెట్టుకోకుండా నన్ను గట్టెక్కించాడు. తప్పయిపోయిందని చెప్పాను.

"పెద్దమాటలొద్దండి. ఈసారి ఏది గీసుకునేదో, ఏది కొట్టేదో ముందే చెప్పండి," అన్నాడు.

తర్వాత ఆ బళ్లోనే ఉద్యోగం వచ్చింది. ఏటా ఆ పాఠానికి రెండు కాయలు కొనేదాన్ని, గీసింది పిల్లలకి, గీయనిది ఆయనకి. దిష్టి మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. ఆయన రిటైరై వెళ్లిపోయే రోజున మాత్రం గేటు దగ్గర ఆయన్ని నిలబెట్టి, పేరు చెప్పి మూడుసార్లు తిప్పి, ఆడవాళ్లు కొట్టకూడదని అమ్మ చెప్పిన కాయని నేనే కొట్టాను.