బిందె మీద గీత

మా ఆయన తిరుత్తణి బజారులో పాత్రల మీద పేర్లు చెక్కుతారు. ఆయన ఉలికి పదును పెట్టేది నేను. నూనె రాయి మీద రుద్దుతూ స్వామి నామాలు ఒకసారి పూర్తిగా చెప్పుకుంటే పదును సరిపోతుంది. ఇన్నేళ్లూ అదే నా కొలత. ఈ రోజు కృత్తిక, స్వామి నక్షత్రం కదా అని భక్తికొద్దీ రెండోసారి కూడా చెప్పుకున్నాను, చెయ్యి మాత్రం ఆపలేదు. మొన సూదిలా సన్నబడిపోయింది.

మధ్యాహ్నం మణవాళనగర్ నుంచి ఒకామె గృహప్రవేశానికి కొన్న పాత్రలు తెచ్చింది. ఇత్తడి బిందె మీద పేరు సగం చెక్కేసరికి మొన విరిగి, ఉలి జారి, అడ్డంగా పెద్ద గీత పడింది.

"ఏమయ్యా, చెయ్యి వణకతా ఉండాదా? వయసయినాక మానుకోకూడదా?" అందామె.

"అవునుమా, నా చెయ్యే జారినాది," అన్నారాయన, విరిగిన ఉలిని గోనె కింద పెట్టేస్తూ.

పక్కనే కూర్చున్న నేను నోరు విప్పలేదు. ఆమె పాత్రలన్నీ తీసుకుని పక్క కొట్టుకు వెళ్లి, "ఆ పెద్దాయనకు చెయ్యి నిలవదు," అని చెప్పడం కూడా విన్నాను.

సాయంత్రం, "తప్పు నాదని యాల చెప్పలేదు?" అని అడిగాను.

"చెప్తే గీత పోతాదా? అన్నం పెట్టు," అన్నారు.

నెమ్మదస్తురాలినని అందరూ నన్ను మెచ్చుకుంటారు. ఈ రోజు నాది నెమ్మది కాదు, పిరికితనం. రేపు పక్క కొట్టుకు వెళ్లి నిజం చెప్పాలి. మీరైతే ఏ మాటతో మొదలుపెడతారు?