కాటా మీద అరకిలో

ఆ మధ్యాహ్నం హోటల్ హాల్లో ఉన్నవాళ్లు: కాటా దిగి నడుముకు తువ్వాలు చుట్టుకున్న మెక్సికో బాక్సర్. అతని కోచ్, అరవై దాటిన డబ్లిన్ మనిషి. కళ్లజోడు మెడలో వేలాడేసుకున్న బాక్సింగ్ బోర్డు అధికారి. తన తూకం ముగించుకుని అరటిపండు తింటున్న ప్రత్యర్థి. ఫొటోలు తీసేవాళ్లిద్దరు. అన్న, వదిన, నేను. ఉన్నవి: వేదిక మీద ఎలక్ట్రానిక్ కాటా, దాని వెనక బ్యానరు, గోడ గడియారం, కిటికీ నిండా డాక్‌ల్యాండ్స్ రేవు క్రేన్లు.

కాటా చూపించిన అంకె 61.70. ఉండాల్సింది 61.23 లోపు.

ఆ తర్వాతి గంట నాకు ఇప్పటికీ నిమిషాలతో సహా గుర్తుంది. దాన్ని వరసగా చెప్పాలంటే ముందు మేమంతా అక్కడ ఎందుకున్నామో చెప్పాలి.

బాక్సర్ మా ఇంట్లోనే ఉండేవాడు. డబ్లిన్ శివారులో, క్లోనీ దగ్గర కొత్తగా కట్టిన హౌసింగ్ ఎస్టేటులో మాది మూడు గదుల ఇల్లు. పెద్దగది అన్నా వదినలది, వెనకగది నాది. మూడోదాంట్లో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునేది. ఆ ఏళ్ల అద్దెలకు ఆ సగం తలుపు గదిని కూడా ఎవరికో ఇవ్వక తప్పలేదు. అన్నది నల్గొండ, నాది తెనాలి, చుట్టరికం లేదు. ఇద్దరం ఒకే వైద్య పరికరాల ఫ్యాక్టరీలో చేసేవాళ్లం. కోచ్ మా వీధి చివరి ఇంట్లో ఉండేవాడు. తన దగ్గర తయారవుతున్న ఒక ఐరిష్ కుర్రాడికి సాధనలో ఎదుట నిలబడే మనిషిని మెక్సికో నుంచి రప్పించామనీ, అతనికి గది కావాలనీ వచ్చి అడిగాడు. అలా వచ్చాడు బాక్సర్. వచ్చిన వారంలో రెండు తెలుగు మాటలు నేర్చుకున్నాడు: వదినా, చాలు. మొదటిదానికి వదిన వెంటనే పలికేది. రెండోదాన్ని ఆమె ఒక్కసారి కూడా పట్టించుకోలేదు. గరిటె ఆగేది కాదు.

అప్పటికి అతను వృత్తి బాక్సర్‌గా ఆడినవి ఇరవై తొమ్మిది పోటీలు. పంతొమ్మిది గెలుపులు, ఎనిమిది ఓటములు, రెండు సమానాలు. వయసు ముప్ఫై ఒకటి. రెండేళ్ల కిందట వాళ్ల దేశంలో ఒకసారి బరువు దాటితే ఆ పోటీ తూకం దగ్గరే రద్దయింది. ఆ తర్వాత అతన్ని ఎవరూ పోటీకి పిలవలేదు. సాధనలో ఇంకొకరి దెబ్బలు కాచే పనికే పిలిచారు. ఇప్పుడు డబ్లిన్‌లో ఒక పెద్ద పోటీ జాబితాలోంచి ఆఖరి నిమిషంలో ఒకడు తప్పుకున్నాడు. కోచ్ ఆ పోటీలు పెట్టించే ప్రమోటరు కాళ్లావేళ్లా పడి ఆ చోటు ఇతనికి ఇప్పించాడు. ప్రమోటరు ఒకే షరతు పెట్టాడు. బరువు దాటిన మనిషి అన్న పేరు ఇప్పటికే ఉంది, రెండోసారి దాటితే ఇక తన ఫోన్ నుంచి పిలుపు రాదు. ఆయన పిలవకపోతే ఇంకెవరూ పిలవరని కోచ్‌కీ తెలుసు, బాక్సర్‌కీ తెలుసు. మా ఇంట్లో అందరికీ తెలుసు.

అందుకే అంకె పడగానే అందరం అధికారి వైపు తిరిగాం. అధికారి నిబంధన చదివి వినిపించాడు: ఒక గంట సమయం, తర్వాత ఇంకొక్కసారే తూకం.

అన్న నా చెవి దగ్గరికి వంగాడు. "నీ పనే గిది గద. కాటా తప్పు సూపిస్తుందని చెప్పరాదు?"

నిజమే, ఫ్యాక్టరీలో నా పని తూకం యంత్రాలు సరిగ్గా చూపుతున్నాయో లేదో పరీక్షించడమే. అధికారిని అడిగి వేదిక ఎక్కాను. పరీక్ష గడువు స్టిక్కరు ఇంకా చెల్లుతోంది. మట్టం చూపించే నీటి బుడగ వలయం మధ్యలో బొట్టులా కూర్చుంది. ఖాళీ కాటా సున్నా చూపిస్తోంది. దిగి వచ్చి సరిగ్గానే ఉందన్నాను.

"గంత సక్కగ ఎందుకున్నదిరా అది," అన్నాడు అన్న.

దానికన్నా చెడ్డ విషయం ఇంకొకటి చూశాను. ఆ కాటా యాభై గ్రాముల మెట్లలో చూపిస్తుంది. 61.23 అనే అంకె దాని మీద పడనే పడదు. 61.25 పడితే పోయినట్టే. 61.20 పడాలి. అంటే అరవై నిమిషాల్లో అరకిలో పోవాలి, అదీ ముందురోజు నుంచి చుక్క నీళ్లు ముట్టకుండా ఎండిపోయి ఉన్న ఒంట్లోంచి.

కోచ్ బాక్సర్‌ను నిలదీశాడు. నిన్న రాత్రి జిమ్‌లో చూసినప్పుడు సరిపోయిన బరువు ఇప్పటికి ఎలా పెరిగింది, ఏం తిన్నావు, ఏం తాగావు. ఏమీ లేదన్నాడు బాక్సర్, నేల చూస్తూ. కోచ్ మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు. వదిన నా మోచెయ్యి పట్టుకుంది.

"పొద్దుగాల నేనే సల్ల ఇచ్చిన," అంది. "పెదవులు ఎండి పగిలినయ్. సూడలేకపోయిన."

సల్ల అంటే మజ్జిగ. ఎంత ఇచ్చిందో అడిగాను.

"రెండు గిలాసలు. ఒక్కదానికే చాలన్నడు. నేనే ఇనలె. తాగేదాంక ఆడనే నిలబడ్డ."

మా స్టీలు గ్లాసు పావు లీటరు పడుతుంది. రెండు గ్లాసులు, పైగా ఉప్పు వేసినవి. కాటా మీది లెక్క, వంటింటి లెక్క గ్రాములతో సహా కలిశాయి. నేను కోచ్‌కు ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆయన వదిన ముఖం చూశాడు, బాక్సర్ ముఖం చూశాడు, "గ్రాండ్" అన్నాడు. ఐర్లండ్‌లో టీ బాగున్నా అదే మాట, కొంప మునిగినా అదే మాట.

"మన సూట్‌కేసైతె రెండు తొక్కు సీసాలు తీసేస్తుంటిమి," అంది వదిన. ఎయిర్‌పోర్టులో నేల మీద పెట్టె విప్పి, పచ్చడి సీసాలు తీసి బరువు సర్దిన అనుభవం ఆమెది. "గీ మనిషిలకెల్లి ఏం తీస్తం?"

చెమట తీయాలి. హోటల్లో ఆవిరి గది లేదు. వీధుల్లో పరుగెత్తిస్తే నీళ్లు తాగని మనిషి కూలిపోతాడని కోచ్ భయం. అప్పుడు నాకు అన్న కారు తట్టింది. పెద్ద కారేం కాదు, పాత హ్యాచ్‌బ్యాక్, కానీ దాని హీటరు ఎప్పుడూ అవసరానికి మించే పనిచేసేది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు వంద వాట్ల వేడి బయటికి వస్తుంది. ఐదుగురం అద్దాలన్నీ మూసుకుని కూర్చుంటే, హీటరు కాక మేమే అర కిలోవాట్. ఈ లెక్క కోచ్‌కు చెబుతుండగానే ఆయన మెట్లు దిగుతున్నాడు.

కారును రేవు ఒడ్డున, గాలాడే చోట, ఎండ పడేలా నిలిపాం. ఇంజిను నడుస్తూ ఉంటుంది కాబట్టి హోటల్ కింది పార్కింగ్ వద్దని నేనే పట్టుబట్టాను. బాక్సర్‌కు చెత్త వేసే నల్ల సంచి ఒకటి మెడకీ చేతులకీ బొక్కలు కోసి తొడిగాం. దాని మీద రెండు స్వెట్టర్లు, దాని మీద డిక్కీలో ఉన్న అన్న చలికోటు. అతను ముందు సీట్లో, హీటరు గాలి సూటిగా ముఖానికి. అన్న స్టీరింగు దగ్గర. వెనక కోచ్, నేను, వదిన. మేమూ కోట్లు వేసుకున్నాం, ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. అతనొక్కడే ఉడికిపోతుంటే బాగుండదనిపించి ఉంటుంది. జూన్ నెల. హీటరు ఆఖరి అంకె మీద.

పావుగంట గడిచినా అతనికి చెమట రాలేదు. మా నలుగురికీ ధారలు. అతని నుదురు మాత్రం కాగితంలా పొడిగా ఉంది, కళ్లు మూతలు పడుతున్నాయి. నిద్రపోనివ్వొద్దని కోచ్ అన్నాడు. నేను వదినకు చెప్పాను. ఆమె ముందుకు వంగి అతని భుజం తట్టింది.

"తమ్మీ, పండకు. నీ కొట్లాటలు చెప్పు. మొదటి సంది చెప్పు."

నేను ఇంగ్లిష్ చేశాను. అతను తనకొచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పడం మొదలుపెట్టాడు.

మొదటిది, పదిహేడో ఏట, ఊరి సంతలో, లారీ వెనక పలకల మీద తాళ్లు కట్టి చేసిన రింగులో. గెలిచాడు, లారీ ఊగడంతో అవతలివాడు సగం తనంతట తనే పడ్డాడట. మూడోది తనతో ఒకే బడిలో చదివినవాడితో. నాలుగు రౌండ్లు కొట్టుకుని, అయ్యాక ఇద్దరూ ఒకే బస్సులో ఇంటికెళ్లారు.

"దోస్తునే కొట్టినవా?" అంది వదిన.

అతను కొట్టలేదన్నాడు, దెబ్బలు తనే తిన్నాడట. ఏడోది ఎద్దుల పోటీలు జరిగే మైదానంలో, వానలో. అది చెబుతుండగా అన్న చిన్నగా అరిచాడు. బాక్సర్ చెవి వెనక నుంచి ఒక చుక్క జారింది. తర్వాత ఇంకొకటి. తర్వాత గడ్డం కింద మొత్తం తడి. కోచ్ తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నాడు. తుడవకపోతే ఆ చెమట సంచిలోనే ఉంటుంది తప్ప పోదు. తొమ్మిదో పోటీలో ఎడమ చెయ్యి విరిగినా గెలిచాడు. పద్నాలుగోదాంట్లో కనుబొమ చిట్లింది, పదిహేనోదాంట్లో అదే చోట మళ్లీ చిట్లింది. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వదినకు తెలుగులో చెబుతూ ఉన్నాను. గొంతు తడారిపోతోంది, అయినా ఒక్కటి కూడా వదిలిపెట్టాలనిపించలేదు.

అద్దం మీద ఎవరో వేలితో తట్టారు. పోలీసు. అక్కడ గార్డ్ అంటారు. అన్న అద్దం కొంచెం దించాడు. ఆయన ఐదుగురి ముఖాలూ, కోట్లూ, చెత్తసంచీ చూశాడు.

"ఏం లాడ్స్, చలేస్తోందా?"

కోచ్ వెనక నుంచి సంగతంతా చెప్పాడు. ఎంత తగ్గాలని గార్డ్ అడిగాడు. పౌండుకు కాస్త ఎక్కువ అన్నాడు కోచ్. గార్డ్ చేతి గడియారం చూసుకున్నాడు.

"అయితే ఆ అద్దం ఎక్కించండి. చల్లగాలి లోపలికి పోతోంది."

ఇంకా ఇరవై నిమిషాలు ఉండగా చెమట పలచబడింది. కోచ్ తన జేబులోంచి ఖాళీ కాఫీ కప్పు తీసి ఉమ్మమన్నాడు. బాక్సర్లు అదీ చేస్తారట, ప్రతి గ్రామూ గ్రామే. కానీ అతని నోట్లో తడే లేదు. నాలుక అంగిలికి అంటుకుపోతోందని సైగ చేశాడు. అప్పుడు వదిన చెప్పిన మాటలు నాకు అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"పచ్చి మామిడికాయ. చెట్టు మీదికెల్లి అప్పుడే తెంపింది. సన్నగ కోసి, ఉప్పూ కారం అద్ది, పండ్లు జివ్వుమనేటట్టు కొరికినమనుకో."

నేను అనువదించే లోపే నా నోట్లో నీళ్లూరాయి. అన్న మింగిన చప్పుడు వినబడింది. బాక్సర్‌కు చెప్పగానే అతను కళ్లు తెరిచి వెనక్కి తిరిగాడు. వాళ్లకూ అంతేనట. తోపుడు బండి మీద, కాగితం పొట్లంలో, ఉప్పూ కారంతో పాటు నిమ్మకాయ కూడా పిండి ఇస్తారు. బడి గేటు దగ్గర.

"నిమ్మకాయ కూడనా," అంది వదిన. "ఇగ చింతపండు?"

చింతపండుకూ కారం అద్దుతారన్నాడు. చెబుతూ చెబుతూనే కప్పు అందుకున్నాడు. వదిన ఆపలేదు. రేగుపండ్లు, ఉసిరికాయలు, చింతచిగురు, నానమ్మ దాచిన పాత తొక్కు; అతను వాళ్ల వైపువి చెప్పాడు, పేర్లు మాకు తెలియకపోయినా పులుపు అర్థమైంది. కప్పు మూడో వంతు నిండింది. కోచ్‌కు ఆ రుచుల్లో ఒక్కటీ తెలియదు, ఆయన కప్పు మీద కన్ను తిప్పకుండా నవ్వుతున్నాడు.

టైం అయ్యింది. కారు తలుపులు తీస్తే రేవు గాలి చన్నీళ్ల బిందెలా మీద పడింది. హాలు దాకా అతన్ని చెరోవైపు పట్టుకుని నడిపించాం, వేదిక మెట్ల దగ్గర వదిలేశాం. అక్కడి నుంచి ఎవరూ ముట్టుకోకూడదు. అతను కోటు, స్వెట్టర్లు, సంచి, చివరికి లోదుస్తు కూడా విప్పేశాడు. కోచ్, అన్న కలిసి అతని ముందు తువ్వాలు అడ్డం పట్టుకున్నారు. వదిన గోడ వైపు తిరిగి నిలబడింది.

అతను కాటా ఎక్కాడు. మోకాళ్లు వణుకుతున్నాయి, దాంతో అంకె నిలవడం లేదు. 61.25. 61.20. 61.25. ఈ కాటాలు మనిషి కుదురుగా నిలబడితే తప్ప ఒక అంకె దగ్గర ఆగవు. నేను కింద నుంచే చెప్పాను: చేతులు వదిలేయ్, బ్యానరు మీద ఒక అక్షరం చూడు, కదలకు. అతను చూపు నిలిపాడు. వణుకు భుజాల నుంచి కిందికి దిగి, పిక్కల దగ్గర ఆగిపోయింది.

"ఎంతొచ్చిందిరా?" అంది వదిన, గోడ వైపే చూస్తూ.

అధికారి మెడలోని కళ్లజోడు పెట్టుకుని వంగాడు. అంకె ఆగింది. అతను దాన్ని పైకి చదివాడు.

అరవై ఒకటి పాయింట్ రెండు సున్నా.