పక్క మిషను మనిషి ఏ జంతువు?

బ్రొనియాను నేను పన్నెండేళ్లు నమ్మలేదు. నమ్మకుండానే ఆమె పక్కన కూర్చుని కుట్టాను, ఆమె ఊరబెట్టిన దోసకాయలు తిన్నాను.

ఎనభై రెండులో, సైనిక పాలన పెట్టి మా వూచ్ పట్నం వీధుల్లో సైన్యం తిరుగుతున్న రోజుల్లో, మిల్లు ఆఫీసులో మఫ్టీలో వచ్చిన ఓ పోలీసు పెద్దమనిషి ఆమెకు టీ ఇచ్చి నవ్వుతూ అడిగాడట: "మీ హాల్లో అందర్నీ బాగా నవ్వించేది ఎవరమ్మా?" ఈ పిచ్చిమొహం గొప్పగా నా పేరు చెప్పింది. నా జోకులన్నీ ప్రభుత్వం మీదేనాయె! రెండేళ్లు నన్ను రంగుల తొట్ల దగ్గర పడేశారు. ఈ దగ్గు అప్పటిదే. బ్రొనియా కాళ్లావేళ్లా పడింది. సరేలే అన్నాను కానీ, మనసు ఒప్పుకోలేదు.

తొంభై నాలుగులో మిల్లు మూతపడింది. విదేశీ చొక్కాల కంపెనీ ఒకటి ఇంటర్వ్యూలకు పిలిచింది. అక్కడ కాదంటే నలభై దాటిన మమ్మల్ని ఇంకెవరూ తీసుకోరు. వరండాలో వరస కట్టాం. సరుకుల కరువు రోజుల్లో మాంసం కొట్ల ముందు గంటలకొద్దీ నిలబడి నేర్చుకున్న పద్ధతి మాది: లోపలికి వెళ్లొచ్చినవాళ్లు వెనకవాళ్లకు సంగతి చెప్పి తీరాలి.

"నువ్వు జంతువైతే ఏ జంతువువి, అంటున్నాడే!" అంది మొదట బయటికొచ్చిన లోనియా.

"ఎవడు కనిపెట్టాడే ఈ ప్రశ్న? పోలీసులేనా?"

"అమెరికాలో ఎవరో మనసు డాక్టరట."

"డాక్టరూ లేదు, నా మొహమూ లేదు!" అన్నాను నేను. "పులి అన్నవాళ్లని ఏరి పారేస్తారు. రేపు యూనియన్ పెట్టేది వాళ్లేగా!"

అందరం గుర్రం అని చెబుదామనుకున్నాం. చాకిరీ చేస్తుంది, నోరెత్తదు. పదకొండు మంది వరసగా గుర్రాలమని చెప్పొచ్చారు.

తర్వాత బ్రొనియా వెళ్లింది. బయటికొచ్చి, నా వైపు కన్నెత్తైనా చూడకుండా, కోటు తొడుక్కుని చక్కాపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ అమ్మేసింది నన్ను, దొంగమొహం!

లోపల టై కట్టుకున్నాయన అప్పటికే విసిగిపోయి ఉన్నాడు. "గుర్రం సంగతి వదిలేయండమ్మా. ఇందాక వెళ్లిన బ్రొనియా గారు జంతువైతే ఏమవుతారు?"

"అదెందుకు బాబూ?"

"కలిసి పనిచేసేవాళ్లు ఒకరినొకరు ఎలా చూస్తారో తెలుస్తుందట. పైనుంచి వచ్చిన కాగితంలో ఉంది."

"మరి నా గురించి ఆవిడేం చెప్పింది?"

కాగితం తిప్పి చూశాడు. "మీరెవరో తెలియదన్నారు. పక్కపక్క మిషన్లే కదా అంటే, తలెత్తి చూసే తీరిక లేదు, ఆవిడెవరో నాకు తెలియదు అన్నారు. అబద్ధాలు చెప్పేవాళ్లు మాకు పనికిరారు."

ఈసారి నా గురించి ఒక్క మాటైనా బయటపెట్టలేదు పిచ్చిమొహం. ఈ ఉద్యోగం లేకపోతే బ్రొనియా ఇల్లు గడవదు. నా ఇల్లూ గడవదు. కుక్క అనో ఆవు అనో ఒక్క ముక్క అంటే చాలు, ఉద్యోగం నాది.

"ఆవిడెవరో నాకూ తెలియదు బాబూ" అని లేచాను.

ట్రామ్ స్టాపులో బ్రొనియా నన్ను చూసి మొహం తిప్పుకుంది. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఏం చెప్పావే కాజియా?" అంది, రోడ్డువైపే చూస్తూ.

"నువ్వు చెప్పిందే."

"ఛీ, మొద్దుదానా! ఉద్యోగం పోగొట్టుకున్నావు కదే!" అని భోరుమంది.

సంచిలోంచి రొట్టె తీసి సగం ఆమె చేతిలో పెట్టాను. "ఏడుపు ఆపి తిను. దోసకాయ తెచ్చావా?"

తెచ్చింది. రెండు తెచ్చింది.