పెద్దక్షరాల కోడలు

మొన్న మా తోడికోడలి మనవరాలి పెళ్లికార్డు ఫోన్లో వచ్చింది. పెళ్లి అశోక్ నగర్‌లోనట. ఇంగ్లీషు భాగం దగ్గరకు రాగానే నా వేలు దానంతటదే ఆగింది, ఏది పెద్దక్షరం, ఏది చిన్నక్షరం అని. పాత అలవాటు. ఒకప్పుడు చిక్కడపల్లిలో మా అత్తవారింట్లో ఏ శుభకార్యానికి కార్డు వేయించినా, అచ్చుకు ముందు ఇంగ్లీషు దిద్దేది నేనే. తెలుగు మీడియంలో చదివినదాన్ని. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, వారాలు, నెలలు పెద్దక్షరంతోనే మొదలవ్వాలని పట్టుబట్టి నేర్చుకున్నాను. మన తెలుగుకు ఆ బాధ లేదు, రాజుకైనా రైతుకైనా అదే రకారం. దిద్దిన చేత్తోనే మొదటి కార్డుకు నాలుగు మూలలా పసుపు పెట్టించేది అత్తమ్మ. నేను ఆ ఇంటికి పెద్దకోడలినని నాకు గట్టిగా అనిపించేది ఆ ఒక్క పనిలోనే.

ఆడపడుచు పెళ్లి కుదిరేనాటికి ఈ తోడికోడలు కొత్తగా కాపురానికి వచ్చింది. కాన్వెంటు చదువు. నారాయణగూడ ప్రెస్సు నుంచి ప్రూఫ్ రాగానే నేను చెయ్యి చాపాను. అత్తమ్మ నా చెయ్యి దాటించి దాన్ని ఆమెకిచ్చింది. "నీకెందుకు పరేషాన్, గామె కాన్వెంట్ల చదివింది, చూస్తది తియ్యి" అంది. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు వేశానట. పసుపు కూడా ఆమే పెట్టింది, నా కళ్లముందే.

కార్డులు పంచిన మర్నాడు నల్లకుంట నుంచి కబురొచ్చింది. మామగారి అన్న, అంటే మా పెద్దమామ, రిటైర్డ్ తహసీల్దారు, పెళ్లికి రానన్నాడట. మామగారు లేరు గనక కన్యాదానం చేయాల్సింది ఆయనే. మా ఇళ్లలో కార్డు మీద పెద్దల హోదా ఎప్పుడూ పెద్దక్షరాల్లోనే వేస్తారు. పేరు తర్వాత వచ్చే ఉద్యోగానికి చిన్నక్షరం చాలని తోడికోడలు ఆయన తహసీల్దారు హోదాను రూలు ప్రకారం దిద్దేసింది. ఆ రూలు నాకూ తెలుసు. కాకపోతే నాకు పెద్దమామ కూడా తెలుసు. అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే నాకు మాత్రం లోలోపల లడ్డూ తిన్నట్టుంది. బతిమాలి రమ్మని అత్తమ్మ నన్నే పంపింది, వెంట ఆమె కూడా బయల్దేరింది.

దారిపొడవునా ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను. తీరా గడప దాటి నేను నోరు తెరిచేలోపే ఆమె పెద్దమామ కాళ్లకు దండం పెట్టేసింది. "తప్పు నాదే మామా. ఇంగ్లీషు తెల్సు గని, మనిల్లు ఇంకా తెల్వలే నాకు" అంది. ముసలాయన కళ్లు తుడుచుకుని, "లే బిడ్డా. చాయ్ తాగి పో, నేనొస్త" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. నావైపు తిరిగి, "చూసినవా, కోడలంటే గిట్లుండాలె" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇగ కార్డులన్ని నువ్వే చూడు" అంది. నాది నాకే దానం చేసింది మహాతల్లి. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకుందును, మంచిదాన్ని ఏం చేసుకోను?

అత్తమ్మ పోయింది, పెద్దమామ పోయాడు, ప్రెస్సు మూతపడింది. దిద్దమని ఇప్పుడు ఎవరూ నన్నూ అడగరు, ఆమెనూ అడగరు. అన్నీ పట్టుకుపోయిన కాలం, ఈ కుళ్లును మాత్రం వెచ్చవెచ్చగా నా దగ్గరే వదిలేసి పోయింది.