నా మణికట్టు మీద పడ్డ నింద

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, మహబూబ్‌నగర్ బయట రేకుల షెడ్డు కింద నడిచే చిన్న షూటింగ్ క్లబ్బులో చేరాను. అక్కడున్నది ఒకే ఒక్క చిన్న సైజు సెమీ ఆటోమేటిక్ పిస్తోలు. దసరా ఆయుధపూజ నాడు దానికి పసుపు కుంకుమ పెట్టింది నేనే. నారాయణపేటలో మా ఇంట్లో దసరాకు మగ్గంలో ఏ భాగాన్నీ వదలకుండా బొట్టు పెడతాం. ఆ లెక్కన తూటాలు నింపే మ్యాగజైన్ మూతికీ, తూటాలకూ కూడా పెట్టాను. భక్తి ఎక్కువై బుద్ధి తక్కువైంది.

పండుగయ్యాక మొదటి సాధనలోనే, రెండో తూటాకే పిస్తోలు ఇరికింది. కోచ్ విప్పి చూస్తే లోపల పసుపూ నూనే కలిసి ముద్దయి ఉంది. "సార్, నేనే పెట్టిన," అని ఒప్పుకున్నాను. కూర్చుని మొత్తం శుభ్రం చేశాను. తప్పు నాది, చెప్పడానికి సిగ్గేం లేదు. కానీ ఆ ఒప్పుకోలే నా మెడకు చుట్టుకుంది. ఆ తర్వాత పిస్తోలు ఎప్పుడు ఇరికినా అందరూ నా వైపే చూసేవాళ్లు.

రాష్ట్ర పోటీలకు మహిళల్లో ఒక్కరినే పంపుతారు. ఆ ఒక్కరూ నేనేనని అంతా అనుకున్నారు. నెల ముందు కోచ్ పోటీల కోసమని ఖరీదైన తూటాలు తెప్పించాడు. వాటితో నేనొక్కదాన్నే సాధన చేసేదాన్ని. అవి వచ్చినప్పటి నుంచి, కాలిన తూటా ఖాళీ గొట్టం బయటికి ఎగరకుండా, పిస్తోలు పైన ముందుకూ వెనక్కీ కదిలే స్లైడ్‌లో ఇరుక్కోవడం మొదలైంది. తుడిచాను, నూనె వేశాను. ఏం మారలేదు.

"నీ మణికట్టు గట్టిగ లేదమ్మా. చెయ్యి ఊగితే పిస్తోలు గిట్లనే చేస్తది. నూలు పట్టిన చేతుల పిస్తోలు ఏడ నిలుస్తది? ఈసారి ఇంకో అమ్మాయిని పంపుత," అన్నాడు కోచ్.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చిన్నప్పటి నుంచి మగ్గం లాగిన మణికట్టు ఇది. మా బాపు ఎంత పేరున్న నూలు తెచ్చినా ముందు కొంచెం గంజిపెట్టి, మగ్గం మీద ఆడించి చూస్తాడు. పోగు తెగితే ముందు నూలును అనుమానిస్తాడు, చేతిని తర్వాత.

"సార్, తూటాలను పరీక్ష చేద్దాం," అన్నాను.

"గంత పిరం తూటాలకు వంక పెడుతున్నవా?" అని నవ్వాడు.

నవ్వితే నవ్వనీ అనుకుని, మూలన పడున్న మామూలు సాధన తూటాల డబ్బా తీశాను. ఆయన ముందే యాభై కాల్చాను. ఒక్కటీ ఇరకలేదు. ఖరీదైనవి యాభై కాలిస్తే పదకొండు సార్లు ఇరికింది. విషయం చిన్నదే. ఆ ఖరీదైన తూటా మెత్తగా కాలుతుంది. గురికి మంచిదే, కానీ మా పిస్తోలు స్ప్రింగు బిర్రు, బాగా గట్టిది. స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి నెట్టే జోరు ఆ తూటాకు లేదు. మామూలు తూటాకు ఆ జోరుంది. ఇదే చెప్పాను.

"తూటా కాదు, నీ చెయ్యే," అన్నాడు మళ్లీ.

అప్పుడు ఖరీదైన డబ్బాలోంచే పది తూటాలు మ్యాగజైన్‌లో నింపి, పిస్తోలును మూతి టార్గెట్ వైపు ఉండేలా బల్ల మీద పెట్టాను. "మీ మణికట్టుతోని కొట్టుండ్రి సార్."

తమ వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్లంతా చూస్తున్నారు. ఆయన కాల్చక తప్పలేదు. నాలుగో తూటాకు ఇరికింది. గొట్టం తీసేసి మళ్లీ కాల్చాడు. ఏడోదానికి మళ్లీ ఇరికింది.

"స్ప్రింగు ఖరాబైనట్టుంది," అన్నాడు.

"నేను కొడితే మణికట్టు, మీరు కొడితే స్ప్రింగా సార్?"

ఆయన పోటీల ఫారం తీసి ముందు పెట్టుకున్నాడు. పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. నేను పోలేదు. ఫారంలో నా పేరు రాసేదాకా, మామూలు తూటాల డబ్బా నా సంచిలో పెట్టేదాకా ఆ బల్ల దగ్గరే నిలబడ్డాను.