నా ఎడమచెయ్యి వాయించిన మధ్యాహ్నం

దయ్యాలను నేను నమ్మను. ఇది మర్యాద కోసం ముందు అనేసి, తర్వాత మెల్లగా జారుకునే మాట కాదు. అశోక్‌నగర్‌లో ఎవరో ఉరేసుకున్నారని ఒక వాటాలో ఎవరూ దిగేవారు కాదు. మేం దిగాం. ఆ గదిలోనే, ఆ ఫ్యాను కొక్కెం కిందే నా పియానో పెట్టుకుని ఏళ్ల తరబడి వాయించాను. ఏమీ కాలేదు. ఇప్పుడు చెప్పబోయేది జరిగిన తర్వాత కూడా నేను నమ్మను.

నేను జాజ్ పియానో వాయిస్తాను. తొంభైలలో హైదరాబాద్‌లో ఈ మాట అంటే, వెంటనే "ఏ సినిమాలో అండీ?" అనేవారు. జాజ్ అంటే ఒక చిన్న వరస తీసుకుని దాన్ని అక్కడికక్కడే పెంచుకుంటూ పోవడం. మన కచేరీలో రాగం పాడినట్టే. కుడిచెయ్యి ఎటు పోవాలంటే అటు పోతుంది. ఎడమచెయ్యి కింది స్వరాల మీద నడుస్తూ దానికి ఆసరాగా ఉంటుంది.

మా నాన్నది రాజమండ్రి వైపు. ఆఫీసు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చారు. నారాయణగూడలో నేను చదివిన బడిలో ప్రార్థనకి వాడే పియానో ఉండేది. నాకు పిచ్చి పట్టింది అక్కడే. ఇంట్లో వీణ నేర్పించాలని చూశారు కానీ, రేడియోలో గరగరల మధ్య విన్న ఆ సంగీతం నన్ను వదల్లేదు. పెద్దయ్యాక ఒక హోటల్లో మధ్యాహ్నం భోజనాల వేళ వాయించే పని దొరికింది. చెంచాల చప్పుడులో ఎవరూ వినేవారు కాదు. అదీ మంచికే అయింది. ఎవరూ వినడం లేదు కాబట్టి నా సొంత వరసలు కట్టుకున్నాను.

చిక్కడపల్లి చౌరస్తా దగ్గర నేనెక్కిన ఆటో తిరగబడింది. ఎడమ భుజం దగ్గర నరాలు తెగిపోయాయి. ఆపరేషన్ చేశారు. భుజం నుంచి వేళ్ల దాకా కదలికా లేదు, స్పర్శా లేదు. డాక్టరు గారు దాచకుండా చెప్పారు, ఇక రాదని. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి హోటల్లో నా కుర్చీలో వేరే ఆయన కూర్చుని ఉన్నాడు.

"దేవుడు ఒక చెయ్యన్నా మిగిల్చాడు, సంతోషించవే" అంది అమ్మ.

"మిగిలిన దాంతోనే వాయిస్తాను" అన్నాను.

నా వరసలన్నీ తిరగరాశాను. ఎడమచేతి పని బేస్ గిటార్‌కి ఇచ్చాను. అది మంద్ర స్వరాలు పలికే కరెంటు గిటార్. దాన్ని వాయించే సలీం నల్లకుంటలో పిల్లలకు సంగీతం చెప్పేవాడు. డ్రమ్స్ యాదగిరి. ముషీరాబాద్‌లో పెళ్లి బ్యాండులో వాయించేవాడు. సాయంత్రాలు మా ఇంట్లో సాధన చేసేవాళ్లం. పక్కవాటా వాళ్లు గోడ బాదేవారు. యాదగిరి ఆ దెబ్బలకే తాళం కలిపేవాడు.

నారాయణగూడలో ఒక హాల్లో ఆదివారం మధ్యాహ్నం కచేరీ కుదిరింది. ఏర్పాటు చేసిన పెద్దమనిషి పోస్టర్ మీద 'ఒంటిచేతి కళాకారిణి' అని వేయిద్దామన్నాడు. జనం కరిగిపోయి వస్తారట. వద్దన్నాను. "ఎన్ని చేతులో వాళ్లకెందుకండీ? నచ్చితే కూర్చుంటారు, లేకపోతే లేచి వెళ్తారు" అన్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు కానీ, నా పేరు, పియానో అని మాత్రమే వేయించాడు. అందువల్ల ఆ రోజు వచ్చిన జనంలో చాలామందికి నా చెయ్యి సంగతి తెలియదు.

చివరి వరస బాగా పొడుగైంది. ఆసుపత్రి మంచం మీద కట్టుకున్నది. అది సగంలో ఉండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు నెమ్మదించాయి. కిటికీల్లోంచి ఎండ వస్తోంది, వెలుతురుకేం లోటు లేదు. పియానోకి కరెంటు అక్కర్లేదు, డ్రమ్స్‌కి అక్కర్లేదు. సలీం గిటార్ మాత్రం మూగబోవాలి. కుడిచేత్తో, తాళంతో ఎలాగో గట్టెక్కించాలనుకున్నాను.

కానీ కింది స్వరాలు ఆగలేదు.

సలీం ఏదో ఉపాయం చేశాడనుకుని అటు చూశాను. అతను గిటార్ మీద నుంచి చేతులు తీసేసి నిలబడి ఉన్నాడు. పియానో ఎడమ కొసకేసి చూస్తున్నాడు.

"అక్కా" అన్నాడు యాదగిరి, వాయిస్తూనే. గడ్డంతో నా ఎడమవైపు చూపించాడు.

చూడకుండా కూడా ఉండొచ్చు. చూస్తే ఆగిపోతుందేమో అనిపించింది. అయినా చూశాను. ఒళ్లో ఉండాల్సిన నా ఎడమచెయ్యి పియానో మెట్ల మీద ఉంది. ఎప్పుడు లేచిందో తెలియదు. కుట్ల మచ్చ నాదే, గాజు నాదే. వేళ్లు మెట్లను నొక్కుతున్నాయి, నాకు మాత్రం ఆ స్పర్శ ఏమీ తెలియడం లేదు. కిటికీలోంచి పక్కింటివాళ్ల పని చూస్తున్నట్టుంది.

ముందు భయం వేసింది. ఆ వెంటనే కోపం వచ్చింది. నా పాటలోకి చెప్పకుండా ఎవరు దిగారు? పాత అలవాటు కొద్దీ నరాలు ఆడుతున్నాయేమో, తేల్చేద్దామని ఉన్నట్టుండి రాగం మార్చేశాను. నడక రెట్టింపు చేశాను. అప్పటిదాకా నేనెన్నడూ వాయించని దారి అది. చెయ్యి ఎక్కడా తడబడకుండా వచ్చింది. కాసేపటికి అదే ముందు నడిచింది, నేను వెనకాల వెళ్లాను. ఈ మాట ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు కానీ, జరిగింది అదే.

ముగింపు స్వరం కొట్టగానే చెయ్యి మెట్ల మీద నుంచి జారి, కుర్చీ అంచుకు కొట్టుకుని వేలాడింది. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లకు వింతేముంది? రెండు చేతులున్నావిడ చివరికి రెండో చెయ్యీ వాడింది.

వెనక గదిలో యాదగిరి టీ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టేశాడు. "గా చెయ్యి నీది కాదక్కా. ఎవరో అచ్చి కొట్టిపోయిన్రు" అన్నాడు.

"ఎవరు?"

"నాకేమెరుక? మా బస్తీల ఒక ముసలాయన తాయెత్తు కడ్తడు. జర చూపిచ్చుకో."

"వచ్చినవాళ్లు బాగానే వాయించారుగా. తాయెత్తు ఎందుకు?" అన్నాను.

ఇంటికెళ్లి చెబితే అమ్మ ఏడ్చేసింది. "మొక్కుకున్నానే. ఆ స్వామే వాయించాడు. రేపే గుడికి వెళ్దాం."

"స్వామికి జాజ్ ఎప్పుడొచ్చిందమ్మా?" అన్నాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నేను డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. సూదులు గుచ్చి, తీగలు తగిలించి, తెర మీద గీతలు చూసే పరీక్ష మళ్లీ చేశారు. ఏ మార్పూ లేదన్నారు. కుడిచెయ్యే అటూ ఇటూ పరుగెత్తి ఉంటుంది, కంగారులో మీకు అలా తోచిందన్నారు. ఆ వివరణ నాకు నచ్చింది కూడా. పట్టుకుని ఉండిపోదామనుకున్నాను.

దాన్ని చెడగొట్టింది సలీం. కింది స్వరాల మీద బతికే మనిషి కాబట్టి, చెయ్యి వాయించినదంతా అతనికి గుర్తుంది. మా ఇంటికి వచ్చి పియానో మీద ఒక్కొక్క పట్టూ చూపించాడు. కింది షడ్జమం, పది స్వరాల అవతల పై స్థాయి గాంధారం, రెండూ ఒకేసారి నొక్కే పట్టు, మళ్లీ మళ్లీ. నా అరచెయ్యి చిన్నది. ఆ దూరం నా కుడిచేతికి అందదు. బాగున్న రోజుల్లో ఎడమచేతికీ అందేది కాదు.

"నువ్వు పొరబడ్డావు సలీం."

"నా కండ్లు మంచిగనే ఉన్నయ్ అక్కా. నువ్వే పరేషాన్ అయితున్నవ్" అన్నాడు.

ఆ తర్వాత నేను వాయించడం మానలేదు. ఒక చేతికని కొత్త వరసలు కట్టాను. ఇతర ఊళ్లలో కూడా వాయించాను. విని మెచ్చినవాళ్లున్నారు, మధ్యలో లేచిపోయినవాళ్లూ ఉన్నారు. ఎడమచెయ్యి మళ్లీ ఎన్నడూ కదల్లేదు. నేను దాని కోసం ఎదురు చూడలేదు. దాన్ని కొంగు కింద దాచనూ లేదు.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకు తెలియదు. దేవుడనో దయ్యమనో ఒక పేరు పెట్టుకుంటే అమ్మకూ యాదగిరికీ మనసు కుదుటపడేది. నేను పెట్టను. తెలియనిదాన్ని తెలియదనే అంటాను. ఒకవేళ నిజంగానే ఎవరో వచ్చారనుకున్నా, వాళ్లతో నాకున్న పేచీ ఒక్కటే. అడిగి రావాల్సింది. అంత బాగా వాయించేవాళ్లు అడిగితే, నేను కాదనేదాన్ని కాదు.